చిప్పు చదవని మిషన్

జగిత్యాల పాత బస్టాండు ఎదురుగా, సైకిళ్ల దుకాణం పైగదిలో ప్రైవేటు డిటెక్టివ్ కల్పన ఆఫీసు. ఆ శుక్రవారం పొద్దున్నే ఒక యువతి మెట్లెక్కి వచ్చింది. కూర్చోకుండానే సంచిలోంచి కార్డు మిషన్ తీసి, కరిచే పురుగును వదిలించుకున్నట్టు బల్ల మీద పెట్టింది.

“నా మీద పోలీసు కేసు పెడతరట మేడమ్. గీ మిషన్ కార్డులు ఖరాబు చేస్తదట. జనం పైసలు గుంజుతున్ననట.”

కల్పన పదిహేనేళ్లు బ్యాంకులో పనిచేసింది. అక్కడి మోసాలను తవ్వీ తవ్వీ, చివరికి అదే వృత్తిగా పెట్టుకుంది. వచ్చినవాళ్లు కుదుటపడేదాకా ప్రశ్న వేయదు. సహాయకుడు రాజేందర్ మంచినీళ్లిచ్చాడు. ఆమె తాగాక, కల్పన మెల్లగా మొదలుపెట్టింది.

యువతి పేరు సంధ్యారాణి. సిరిసిల్లలో నెల రోజుల చేనేత బజారు నడుస్తోంది, అందులో ఆమెదొక స్టాల్. కార్డు మిషన్ పెట్టుకున్న మొదటి మనిషి ఆమే. దూరం నుంచి వచ్చినవాళ్లంతా ఆమె దగ్గరే ఆగేవారు. పదిరోజుల కింద ఉన్నట్టుండి మిషన్ చిప్పు చదవడం మానేసింది. అక్కడ పెట్టిన కార్డులు ఆ తర్వాత ఏటీఎంలోనూ పనిచేయలేదు. కార్డు పనిచేయక నగదిచ్చి చీర కొనుక్కుపోయిన సుదర్శన్ అనే కోరుట్ల రిటైర్డు టీచర్, మళ్లీ వచ్చి అందరి ముందూ ఆమెను నిలదీశాడు. ఆదివారంలోగా తేల్చకపోతే స్టాల్ ఖాళీ చేయమని బజారు కమిటీ చెప్పింది.

“మిషన్ మార్చియ్యలేదా కంపెనీవాళ్లు?”

“రెండుసార్లు మార్చిండ్రు. మొదటిది తెల్లారేసరికే బంద్ అయింది. రెండోది మంగళవారం మధ్యాహ్నం ఇచ్చిండ్రు. ఆ సాయంత్రం వాన పడుతుంటే బజారు ఆఫీసుల్నే పెట్టి పోయిన. బుధవారమంత మంచిగ నడిచింది. ఆ రాత్రి ఇంటికి తీస్కపోయిన. నిన్న పొద్దున మొదటి కార్డుకే మొరాయించింది.”

“కార్డు లోపల పెట్టకుంట మీద ఆనిస్తే?”

“గది అయితది మేడమ్. తువ్వాళ్లు గట్లనే అమ్ముతున్న. చీరలు అయిదు వేలు దాటుతయి గద, కార్డు లోపల పెట్టాలె. గాడనే ఆగుతది.”

కల్పన సన్నని పుల్లకు దూది చుట్టి, మిషన్ సందులోకి పోనిచ్చి తీసింది. దూదికి పలచగా, తెల్లగా ఏదో అంటుకుంది. వాసన చూసి రాజేందర్‌కు అందించింది.

“కొబ్బరినూనె,” అన్నాడు రాజేందర్.

“నా తలనూనె అయి ఉంటది,” అంది సంధ్యారాణి.

“చీరలు ఎవరు నేస్తరమ్మా?”

“నేనే. మా తోటికోడలు రాజమణక్క సాయం చేస్తది.”

“పడుగు దారానికి గంజి పెడతరు గద, దాంట్ల ఏమేం కలుపుతరు?”

సంధ్యారాణి తికమకపడింది. “బియ్యం గంజే. ఇంకేం కలుపుతరు?”

కల్పన తల ఊపి ఊరుకుంది. ఆమె ఆ ప్రశ్న ఊరికే అడగలేదని రాజేందర్‌కు తెలుసు. ఎందుకడిగిందో మాత్రం తెలియలేదు. నాలుగేళ్లుగా ఆమె పక్కనే ఉన్నా, ఆమె ప్రశ్నల వెనక లెక్క అతనికి ఎప్పుడూ ముందుగా అందేది కాదు.

మధ్యాహ్నానికి వేములవాడ మీదుగా బస్సులో సిరిసిల్ల చేరారు. సంధ్యారాణి స్టాల్‌కు కుడిపక్కన ఐలయ్య తువ్వాళ్లు, దుప్పట్లు అమ్ముతున్నాడు. అరవై దాటిన మనిషి. మిషన్ మాటెత్తగానే ముఖం ముడిచాడు.

“నా దగ్గరికొచ్చి దుప్పటి ముట్టి చూస్తరు. కార్డు తీసుకుంటవా అంటరు. లేదంటే గా పిల్ల దగ్గరికి పోతరు. కడుపు మండదా?”

“మీరే ఏమన్న చేసిండ్రా కాకా?”

“నాకు ఆ డబ్బ ముట్టాలంటేనే భయం. ఏ బటన్ నొక్కితే ఏమైతదో.”

కల్పన ఒక దుప్పటి అంచు చేత్తో నలిపి చూసింది. “దారానికి గంజి మీరే పెడతరా?”

“ఇప్పుడెవరు పెడుతున్నరు? గంజి పెట్టిన దారమే కొంటున్న. మా కాలంల బియ్యం గంజి కాచి, దాంట్ల కొబ్బరినూనె సుక్క ఏసెటోళ్లం. దారం మెత్తగుంటదని.”

ఎడమపక్క స్టాల్ హరిప్రసాద్‌ది. మిల్లు చీరలు తెచ్చి అమ్ముతాడు. సంధ్యారాణి బేరం చూసి అతనూ ఒక మిషన్ పెట్టుకున్నాడు. ఆమె మిషన్ ఆగిపోయిన దగ్గర్నుంచి జనం అతని స్టాల్‌కు తిరిగారు.

“పుకారు లేపింది మీరే కదా?” అని కల్పన సూటిగా అడిగింది.

అతను చేతిలోని చీర మడతపెట్టి పక్కన పెట్టాడు. “ఒకరిద్దరికి చెప్పిన. అబద్ధం చెప్పలే, చూసింది చెప్పిన. అందరు ఆమెనే మెచ్చుకుంటుంటే ఎన్ని దినాలు చూస్తం?”

“మంగళవారం రాత్రి బజారు ఆఫీసు తాళం ఎవరి దగ్గరుండె?”

“నా దగ్గర్నే. కమిటీల ఉన్న గద.”

బయటికి రాగానే రాజేందర్ ఉత్సాహంగా అన్నాడు. “తాళం ఆయన దగ్గరుంది, లాభం ఆయనకే. ఇంకేం కావాలె మేడమ్?”

“ఆ రాత్రి తర్వాత మిషన్ మంచిగ నడిచింది రాజేందర్,” అంది కల్పన. “చెయ్యాలనుకున్నోడు గంతకంటె మంచి అవకాశం వదులుకుంటడా?”

సంధ్యారాణి ఇల్లు నేతవాడలో. ఆమె స్టాల్‌లో ఉంది, భర్త పవర్‌లూమ్ షెడ్డుకు పోయాడు. ముందు గదిలో మగ్గం, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని రాజమణి. ఆమె భర్త దుబాయిలో ఉంటాడు. రాజమణికి నలభై ఏళ్లుంటాయి. వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నా ఆమె చేయి ఆగలేదు. నెమలికంఠం రంగు చీర మీద పసుపు అంచు పెరుగుతోంది.

“రోజుకు ఎన్ని గంటలు నేస్తరక్కా?”

“పొద్దుగూకేదాక.”

“సంధ్యారాణి ఎప్పుడు కూసుంటది మగ్గం మీద?”

రాజమణి చేయి అప్పుడు ఆగింది. “అది అమ్ముతది. నేను నేస్త,” అంది. మళ్లీ నేయసాగింది.

గదిలో కరెంటు ప్లగ్గు ఒక్కటే, మగ్గం పక్కన అలమారలో. మిషన్ ఛార్జింగ్ అక్కడే పెడతారు. మూలన గంజి కుండ, దాని పక్కన కొబ్బరినూనె డబ్బా. దారపు కండెల మధ్య గడువు తీరిన ఒక బ్యాంకు కార్డు పడి ఉంది. దాని మీద అరబ్బీ అక్షరాలున్నాయి. చిప్పు ఉన్న వైపు మాత్రం తెల్లగా ఎండి బిరుసెక్కింది. రాజేందర్ దాన్ని చూసి కల్పన వైపు చూశాడు. కల్పన మాత్రం చీర అంచునే చూస్తోంది.

మరునాడు బజారు తెరవకముందే అందరినీ సంధ్యారాణి స్టాల్ దగ్గరికి పిలిపించింది కల్పన. ఐలయ్య, హరిప్రసాద్, రాజమణి వచ్చారు. కోరుట్ల నుంచి సుదర్శన్ సారు కూడా మొదటి బస్సుకే వచ్చాడు, ఇంకా కోపంగానే ఉన్నాడు.

కల్పన ఆయన కార్డు అడిగి తీసుకుంది. దూదిని స్పిరిట్‌లో ముంచి చిప్పును రెండుసార్లు తుడిచింది. “హరిప్రసాద్ గారి మిషన్ల పెట్టి పది రూపాయలు కట్టి చూడండి సారూ.”

సారు నంబరు నొక్కాడు. చీటీ బయటికి వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీ కార్డు ఖరాబు కాలేదు. దాని మీద గంజి పొర అంటింది, అంతే,” అంది కల్పన. “ఎవరో పాత కార్డుకు గంజి పూసి మిషన్ల పెట్టి తీసిండ్రు. సందులో గంజి ఆరిపోయింది. చిప్పు తగలకుంట అడ్డం పడ్డది. ఆ తర్వాత పెట్టిన ప్రతి కార్డుకు కొంత అంటింది. మీద ఆనిస్తే చిప్పు తగలనక్కర లేదు, అందుకే గట్ల నడిచింది. గంజిల కొబ్బరినూనె ఉంది. అంటే ఇంట్ల కాచుకున్న గంజి. ఐలయ్య కాక గంజి పెట్టిన దారమే కొంటడు. హరిప్రసాద్ గారు నెయ్యనే నెయ్యరు. మిషన్ ఆయన తాళం కింద ఉన్న రాత్రి ఏమీ కాలేదు. ఇంటికి పోయి వచ్చిన పొద్దున మాత్రమే ఆగింది.”

సంధ్యారాణి మెల్లగా తోటికోడలి వైపు తిరిగింది.

“అక్కా?”

“నేనే,” అంది రాజమణి. ఆమె గొంతు మామూలుగానే ఉంది. “మొన్న దసరాకు ఒకామె ఇంటిదాక వచ్చింది. సంధ్యారాణి నేసిన చీర కట్టుకున్న, ఆమెను చూసిపోదామని వచ్చిన అన్నది. నేను మగ్గం గుంటల ఉన్న. నన్ను మంచినీళ్లియ్యమన్నది. ఇచ్చిన. ఆ తర్వాత ఈ మిషన్ వచ్చింది. రాత్రి అలమారల దాని లైటు చూసినప్పుడల్ల నాకు నిద్ర పట్టకపోయేది.”

“ఇంట్ల మనిషివి,” అంది సంధ్యారాణి. “నన్ను దొంగను చేస్తివి గదక్కా.”

“చేసిన.”

“కేసు ఈమె మీద పెట్టాలె,” అన్నాడు హరిప్రసాద్.

కల్పన అతని మాట వినిపించుకోలేదు. “సంధ్యారాణీ, గంజిల ఏం కలుపుతరో నీకు తెలియదు. నేసేటోళ్లకు తెలియకుంట ఉండదు. చీరలు నేనే నేసిన అని నాకు చెప్పినవు, సారుకు చెప్పినవు. అక్కను ఒక్కనాడన్న బజారుకు తోలుకొచ్చినవా?”

సంధ్యారాణి తల వంచుకుంది. “తోలుకరాలే. వస్తే అందరు ఆమెతోనే మాట్లాడుతరు. నాకు అమ్ముడు తప్ప ఏం రాదు. నేయ నేర్పుమంటె రెండుసార్లు దారాలు తెంపిన. ఆమె చేతులు చూసినప్పుడల్ల నాకు కుళ్లే.”

రాజమణి మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో తిరిగిన ఆ మనిషి తన చేతులను చూసి కుళ్లుకుందన్న మాట ఆమెకు అందినట్టు లేదు.

సుదర్శన్ సారు గొంతు సవరించుకున్నాడు. “నా బిడ్డకు కొన్న చీర ఎవరు నేసిండ్రు మరి?”

“మా అక్క,” అంది సంధ్యారాణి. తర్వాత అందరికీ వినబడేలా ఇంకోసారి అంది. “మా రాజమణక్క నేసింది సారూ. నేను అబద్ధం చెప్పిన.”

తప్పు బయటపడ్డప్పుడు కంట తడి పెట్టని రాజమణి అక్కడే చీరల కట్ట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంధ్యారాణి ఆమె దగ్గరికి పోలేదు. అంత తొందరగా పోగలిగే దూరం కాదది. కానీ పొమ్మనీ అనలేదు.

సారు మాత్రం వంగి రాజమణిని అడిగాడు. “అమ్మా, మా బిడ్డ చీర అంచుకు ఎన్ని దినాలు పట్టింది?”

రాజమణి కళ్లు తుడుచుకుని వేళ్ల మీద లెక్కపెట్టింది.

“పదకొండు,” అంది. “కొంగు దగ్గర ఒక పోగు తప్పు పోయింది సారూ. ఎవ్వరు పట్టలే. నాకు తెలుసు.”