సమీక్ష నుంచి తప్పుకున్న అమ్మాయి

"మీకు సర్టిఫికెట్ అంటే ఓ కాయితం. మాకు మా అన్నయ్య ప్రాణం!"

విచారణ గదిలో మైకు ముందు నిలబడి అరిచాడు గాలిమరల ఇంజనీరు. ఎదురుగా కూర్చున్న సమీక్షాధికారిణి పెన్ను కింద పెట్టింది.

గాలితో తీసిన కరెంటుకు ప్రభుత్వం సర్టిఫికెట్లు ఇస్తుంది. బొగ్గు కాల్చే ఫ్యాక్టరీలు వాటిని కొని తీరాలి. కొనకపోయినా అడిగే నాథుడు లేకపోయేసరికి అవి అమ్ముడుపోలేదు. రాబడి పడిపోయిందని యాజమాన్యం రిపేర్లు వాయిదా వేసింది. గాలిమర ఎక్కే నిచ్చెన తుప్పు పట్టి విరిగి, అక్కడే పనిచేసే అతని అన్న పైనుంచి పడి చనిపోయాడు. ఈ సర్టిఫికెట్ల మార్కెట్ ఎందుకు చెడిందో తేల్చమని ప్రభుత్వం పంపిన మనిషి ఈమె.

"ఆ నిచ్చెన చూపిస్తారా?" అని అడిగింది.

"చూసి ఏం చేస్తారు? అయ్యో అంటారా?"

"అనను. రాస్తాను."

మర్నాడు జోరువానలో గాలిమరల దగ్గరికి వచ్చింది. చెప్పులు బురదలో కూరుకుపోతే చేత్తో పట్టుకుని నడిచింది.

"ఆఫీసర్లకి బూట్లివ్వరా?"

"ఇస్తారట. ఫైలు ఇంకా కదల్లేదు."

అన్న పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి. వెంటనే తప్పు చేసినవాడిలా ముఖం తిప్పుకున్నాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

తరవాత చాలాసార్లు వచ్చింది. ఇంటికీ వచ్చింది. అతని వదిన ఏడుస్తుంటే ఓదార్చబోకుండా పక్కన కూర్చునేది. ఆమె రాని రోజు అతనికి ఏమీ తోచేది కాదు.

ఒకరోజు ఆమె బదులు వేరే అధికారి వచ్చాడు. ఆమె సమీక్ష నుంచి తప్పుకుందట. అతనికి ఒళ్లు మండింది. నేరుగా ఆమె ఆఫీసుకెళ్లి వరండాలోనే నిలదీశాడు.

"మధ్యలో వదిలేస్తారా? మా వదిన మీ మీదే ఆశ పెట్టుకుంది!"

"మీ అన్నయ్య సంగతంతా రాసిచ్చాను. కొనని ఫ్యాక్టరీలకి జరిమానా వెయ్యాలనీ రాశాను. అప్పటిదాకా నా మనసు నా మాట విన్నది."

"మరెందుకు తప్పుకున్నారు?"

"విచారణ చేసేవాళ్లకి అవతలివాళ్ల మీద ఇష్టం ఉండకూడదు. ఉంటే చెప్పెయ్యాలి. చెప్పేశాను."

"ఎవరికి?"

"మా డైరెక్టర్‌కి."

"నాకు చెప్పకుండానా?"

"మీరు అరవడం ఆపితేగా!"

అతను బెంచీ మీద కూలబడ్డాడు.

"నిన్న మరలన్నీ ఆపేశారు. నాకిప్పుడు ఉద్యోగం లేదు."

"విన్నాను."

"రిపోర్టు వచ్చినా అన్నయ్య రాడు."

"రాడు" అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"ఇంటికి రండి. వదిన అడుగుతోంది."

"నేనేమవుతానని చెప్తారు ఆవిడకి?"

"ఆవిడకి ఎప్పుడో తెలుసు" అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. "తెలియనిది నాకే."