పై అర ఎలుకలు

"రేపట్నుంచి నీ ఉద్యోగం ఎలుకలకి మేత వెయ్యడం," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మొహం ముడుచుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పిల్లి అంటారు, అడుగుల చప్పుడు వినపడదని.

"నవ్వొస్తే నవ్వుకో. క్యాన్సర్ మందు గడ్డతో పాటు కిడ్నీల్నీ తినేస్తుంది. మేతలో కలిపే ఓ పొడి వాటిని కాపాడుతోంది. ఎల్లుండి సాయంత్రం ఆఖరి రక్తపరీక్ష. ఈలోగా ఎలుకల్ని చంపడానికి విదేశీ ముఠా దిగింది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, విజిటింగ్ సైంటిస్ట్. 'వాన వెలిసిందా' అను. 'చూరు కారుతోంది' అంటుంది."

పిల్లి వాళ్లక్కకి ఎక్కించేది ఆ మందే. కిడ్నీలు తట్టుకోలేక ఆపేశారు. ఎలుకలు గట్టెక్కితే పొడి వాడి చూసే మొదటి రోగుల్లో ఆవిడ ఒకరు. తుపాకీ ఎదుట కూడా అతను ఇంత భయపడలేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం గౌను, మాస్కు తొడుక్కుని ఎలుకల గదిలోకి వెళ్లాడు. ఎలుకలు చీకట్లోనే మేస్తాయి, ఎర్రవెలుగు వాటికి కనపడదు కాబట్టి అక్కడ పగలంతా ఎర్రబల్బు ఒక్కటే. పై అరలో మందు పడని ఎలుకలు, మధ్య అరలో మందు పడ్డవి, కింది అరలో మందూ పొడీ రెండూ పడ్డవి.

ఆ సైంటిస్ట్ అక్కడే ఉంది. మాస్కులో కూడా అందం దాగలేదు.

"వాన వెలిసిందా?"

"చూరు కారుతోంది. ఇవాళ మేత నేనే వేశాలే, నువ్వు కాస్త కూర్చో."

పిల్లి కూర్చోలేదు. కింది అరలో మేత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"తినట్లేదేంటి మేడమ్?"

"మందు పడ్డాక ఆకలుండదయ్యా, మామూలే."

నిజమే. కానీ పై అరలోనూ ఒక్క మేతబిళ్ల కదల్లేదు.

"వీటికి మందు పడలేదుగా," అన్నాడు మెల్లగా.

ఆవిడ చెయ్యి గౌను జేబులోని పెన్ను మీదికి వెళ్లింది. కొత్త వాసన తగిలితే ఎలుక తిండి ముట్టదని అతనికి నిన్నే నేర్పారు. ఆకలి మీరితే మాత్రం తింటుంది. కింది అరలో ఓ ఎలుక అప్పుడే మేతబిళ్లని రెండు చేతుల్తో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చింది.

పిల్లి ఒక్క గెంతులో మూత లాగి బిళ్ల లాక్కున్నాడు. ఎలుక గ్లవ్ మీంచి వేలు కొరికేసింది. వెనక పెన్ను క్లిక్‌మంది. తిరిగి చూస్తే నిబ్బు ఉండాల్సిన చోట సూది ఉంది. అతను మోచేత్తో తెల్లలైటు స్విచ్ నొక్కాడు. ఆవిడ కళ్లు చికిలించిన ఆ క్షణంలోనే మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"నేను మీ మనిషినే. కోడ్ చెప్పానుగా," అంది రొప్పుతూ.

"బాగానే చెప్పారు. ఎలుకలే ఒప్పుకోలేదు."

సాయంత్రం ల్యాబ్ డాక్టరు రిపోర్టు పట్టుకొచ్చాడు. కింది అర కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. పిల్లి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

అక్క ఫోన్ చేసింది. తమ్ముడు ఏదో ఆఫీసులో గుమాస్తా అనే ఆవిడ నమ్మకం.

"మళ్లీ మందెక్కిస్తారటరా. గొంతు అలా ఉందేంటి, ఏడుస్తున్నావా?"

"లేదక్కా. ఎలుక కరిచింది."

"అందరూ చోద్యం చూస్తూ కూర్చునే ఆఫీసనుకుంటా. ఎవరో ఒకరు వాటి మేతలో కాస్త విషం కలపొచ్చుగా."