జంపయ్య పక్షం

ఆ ఉదయం కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూనే సుజన వ్యాసం గురించి ఆలోచిస్తోంది. భద్రాచలంలో ఆమెది డిగ్రీ రెండో సంవత్సరం. ఏజెన్సీలో గిరిజనేతరులు సాగు చేసుకుంటున్న భూములు ఎవరికి చెందాలో వాదించి రాయమన్నారు తెలుగు మేడమ్. ఒక షరతు కూడా పెట్టారు. ఎదుటిపక్షం వాదన సైతం రాయాలి, దాన్ని ఆ పక్షం మనిషికే చదివి వినిపించాలి. ఆ మనిషి ఔనంటేనే అది న్యాయమైన వ్యాసం.

తన పక్షం రాయడానికి సుజనకు గంట కూడా పట్టలేదు. తాత కృష్ణా జిల్లా నుంచి దుమ్ముగూడెం దగ్గరి ఈ ఊరికి రావడం, బోరు వేయించడం, నాన్న పిచ్చయ్య నడుం విరిగేలా నాలుగెకరాల్లో మిరప పండించడం, అన్నీ కళ్లకు కట్టినట్టు రాసింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చేను మాత్రం కాగితాల్లో జంపయ్యది. ఏజెన్సీ భూమి చట్టం ప్రకారం గిరిజనేతరులైన వీళ్ల పేరు మీదకు రాదు కాబట్టి పాసుబుక్కు జంపయ్య పేరున, పిచ్చయ్య బీరువాలో ఉంది. జంపయ్య కోయ మనిషి, అదే చేలో కూలీ. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. మనుషులం ఎంతకైనా అలవాటు పడిపోతాం.

ఎదుటిపక్షం అంటే ఇంకెవరు, జంపయ్యే. పశువుల కొట్టం దగ్గర అతన్ని కూర్చోబెట్టి మొత్తం చదివింది. అందులో ఒకచోట ఆమెకు మహా ముచ్చట. ఏటా విత్తనాల పండుగకు మా జంపయ్య చేని మూల తన చేత్తో పిడికెడు జొన్నలు చల్లి మా పంట చల్లగా ఉండాలని కోరుకుంటాడు, నాన్న అతనికి కొత్త తువ్వాలు కప్పుతాడు, ఇంత ప్రేమ ఉన్నచోట భూమి ఎవరిదైతేనేం అని రాసుకుంది.

జంపయ్య ఆ జొన్నల మాట ఇంకోసారి చదవమన్నాడు.

"గవి మీ పంటకు కాదు పాపా," అన్నాడు. "మా అయ్య పోయేటప్పుడు చెప్పిండు. మీ తాత ఒక్క పంటకని అడిగి తీసుకున్నడు, మళ్ల ఇస్తడు, అందాక ఏటా నీ చేత్తోటి ఇత్తనం పెట్టు, లేకుంటే చేను మనల్ని మరిసిపోతదన్నడు. గందుకే పెడుతున్న."

సుజన తన ముచ్చటైన వాక్యం కొట్టేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ జొన్నలు చూసి మురిసిపోయిన పిల్ల. అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి మళ్లీ చదివితే అవ్ అని తలూపాడు జంపయ్య.

మధ్యాహ్నం అన్నం దగ్గర పిచ్చయ్య ఆ కాగితాలు చూశాడు. ఇది కాలేజీలో పదిమంది చేతుల్లో పడితే చేను పోతుందని, తిండి పెట్టిన చేనికే గొయ్యి తవ్వుతున్నావని గొంతు చించుకున్నాడు. చింపెయ్యమన్నాడు. అందులో ఏది అబద్ధమో చెబితే చింపేస్తానంది సుజన. పిచ్చయ్య వెంటనే జంపయ్యను పిలిపించాడు.

వాకిట్లో నిలబడ్డ జంపయ్య ఎవరి ముఖమూ చూడలేదు.

"నేనేం అనలే అయ్యా. చేను మీదే."

విన్నావుగా అన్నట్టు కూతురి వైపు చూశాడు పిచ్చయ్య. సుజన విన్నది. అతను వెళ్లిపోయాక మంచంలోంచి నాయనమ్మ ఆదెమ్మ గొంతు వినిపించింది.

"ఒక్క పంటకే అడిగాడురా మీ నాన్న. ఆ రోజు వాళ్లయ్యకు అన్నం వడ్డించింది నేనే."

"నాకు తెలుసమ్మా," అన్నాడు పిచ్చయ్య.

సుజనకు అన్నిటికంటే ఆ మాటే పెద్ద దెబ్బ. తెలియక చేశాడనుకుంటే నాన్నను క్షమించడం తేలికయ్యేది.

సాయంత్రం జంపయ్య ఉండే కోయగూడేనికి వెళ్లింది, క్షమించమని అడుగుదామని. గడప మీద కూర్చున్న జంపయ్య ఆమెను పల్లెత్తు మాట అనలేదు, అడగనివ్వనూ లేదు.

"కాయితం సంగతి నాకెందుకు పాపా. రేపు కూలికి రమ్మంటడా మీ నాయన? గదొక్కటి అడిగి చెప్పు."

న్యాయంగా రాయాలన్న తన ముచ్చట కోసం ఆ మనిషి నోటి దగ్గరి కూడుతో ఆడుకున్నానని అప్పుడు తెలిసింది సుజనకు. దారంతా ఏడుస్తూనే వచ్చింది.

పిచ్చయ్య కళ్లంలో ఒక్కడే మిరపకాయలు పోగు చేస్తున్నాడు. కూతురి కళ్లు చూసి చెయ్యి ఆపాడు.

"రేపు కూలికి రావాలా వద్దా అని అడుగుతున్నాడు," అంది సుజన. "నువ్వే వెళ్లి చెప్పు నాన్నా. ఆయన చేనికే ఆయన్ని కూలికి రమ్మనే నోరు నాకు లేదు."

పిచ్చయ్య ఆ కాయల పక్కనే కూలబడి, తుండుతో ముఖం కప్పుకున్నాడు. సుజన దగ్గరకు వెళ్లి కూర్చుంది కానీ ఊరుకోమని అనలేదు.