అత్తలు లేని ఊరు

జనాభా లెక్కల భవనంలో ఆ ఉదయం ఒక తల తగ్గింది. లెక్కలు సరిచూసే ఆడిటర్‌ను లిఫ్టులో ఎవరో సైలెన్సర్ తుపాకీతో కాల్చారు. తలుపులు తెరుచుకునేసరికి ఆయన నోట మిగిలింది ఒకే మాట: "అత్త..."

"పోయేవాడు అమ్మా అంటాడు. అత్తా అన్నవాణ్ణి ఇతన్నే చూశా," అంది గూఢచారి విభాగం చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ 'సున్నా' నవ్వలేదు. ఆవిడ అతనికి స్వయానా అత్తగారు. ఇంట్లో 'మీరు', ఆఫీసులో 'నువ్వు'. ఏజెంట్ ఇల్లు మారాలంటే చీఫ్ సంతకం కావాలి. అతని వేరుకాపురం దరఖాస్తు ఆవిడ సొరుగులోనే మగ్గుతోంది.

"విను. పార్లమెంటు సీట్లు జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచుతారు. భాగహారం చేశాక మిగిలిన ఆఖరి సీటు, ఎవరి శేషం పెద్దదైతే వాళ్లకి. పోటీలో ఉన్నవి రేవు రాష్ట్రం, కొండ రాష్ట్రం. సీటు కొండెక్కిందా, మన రేవును పొరుగుదేశానికి రాసిచ్చే బిల్లు ఒక్క ఓటుతో గట్టెక్కుతుంది."

"అంటే పొరుగువాళ్లు శేషంలో వేలు పెట్టారంటారు."

"శత్రుశేషం ఉంచకు. మధ్యాహ్నం కమిషనర్ ఫలితం చదువుతాడు. సభకి వినిపించిందంటే అదే చట్టం, ఇక మార్చడానికి లేదు. లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ కాటుక."

"పేరులోనే కాటు ఉందండీ."

"నీ పేరులో ఏమీ లేదుగా. వెళ్లు."

మధ్యాహ్నం సభ వెనక సౌండ్ రూమ్‌లో సున్నా మైకు మెకానిక్ వేషంలో వైర్లు సర్దుతున్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా, చెవిలో రిసీవర్. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, తలతిరిగే సెంటుతో కంప్యూటర్ సెక్షన్ హెడ్ లోపలికి వచ్చింది.

"శేషమెంత?" అన్నాడు.

"విశేషమేమీ లేదు."

కోడ్ కలిసింది. కాటుక ట్యాబ్ అందించింది. "అంతా చెక్ చేశా, క్లీన్. కొండ మీద గనుల కాలనీ ఒకటి కొత్తగా చేరింది, అంతే."

సున్నా వేలితో జరుపుతూ పోయాడు. 'యజమానితో సంబంధం' అన్న గడిలో భార్య, కొడుకు, కూతురు. పక్కింట్లో భార్య, కొడుకు, కూతురు. వీధులు దాటాడు, పేటలు దాటాడు. అతని వేలు ఆగిపోయింది. ఆడిటర్ పిలిచింది అత్తను కాదు. అత్తలు లేరని చెప్పబోయాడు!

"ఇంత కాలనీలో ఒక్క అత్త లేదేం?"

"అదృష్టవంతులు," నవ్వింది కాటుక.

"అదృష్టం ఏ ఒకరిద్దరికో పడుతుంది గానీ, ఊరందరికీ పట్టదమ్మా. ఈ ఊరు కొండ మీద కాదు, నీ కంప్యూటర్లో పుట్టింది."

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ క్లిక్‌మంది. కొనలో విషపు సూది. గది తలుపు కాలితో మూసింది. "తెలివైనవాడివే. ఆడిటరూ ఇలాగే తెలివి చూపించాడు."

స్పీకర్లో కమిషనర్ గొంతు: "ఇక ఆఖరి సీటు..."

సూది మెడ మీదికి వచ్చింది. సున్నా రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మైకు ప్లగ్గు గోడ మొదట్లో ఉంది. చేతులు ఖాళీ లేవు. కాలు చాపాడు, అందలేదు. ఇంకాస్త చాపాడు.

"...దక్కిన రాష్ట్రం, కొం..."

తన్నాడు. ప్లగ్గు ఊడింది. వేదిక మీద కమిషనర్ పెదవులు కదిలాయి. సభకి చేరింది 'కొం' వరకే. 'కొంచెం ఆగండి' అంటున్నాడని జనం ఆగారు.

సున్నా వైరిని వైరుతోనే కట్టేశాడు.

చీఫ్ పంపిన హెలికాప్టర్‌కు కాలనీ ఉండాల్సిన చోట మేకలు కనిపించాయి. మేకలకు ఓటు లేదు గనక లెక్క మళ్లీ కట్టారు. సీటు రేవుకి వచ్చింది. బిల్లు మునిగింది.

సాయంత్రం చీఫ్ అడిగింది, "దొంగ ఊరని ఎలా పట్టావ్?"

"అత్తగారు లేని ఇల్లు ఇల్లులా అనిపించలేదండీ."

"ఆ ముక్కే రిపోర్టులో రాయి."

రాసి సంతకం పెట్టాడు. ఆవిడ సొరుగు తీసి, వేరుకాపురం దరఖాస్తుకి ఆ రిపోర్టును పిన్ను కొట్టి, పైన ఎర్ర సిరాతో 'తిరస్కరించడమైనది. కారణం జతచేయడమైనది' అని రాసింది.

"ఇంటికి పదండి, అల్లుడుగారూ."

దేశానికి లెక్క తేలింది. సున్నా ఇంట్లో మాత్రం ఒక్క తలా తగ్గలేదు.