ఆకలి కళ్ళెం

వకుళ చెల్లెలి సంచి సర్దుతోంది. అంగారకుడికి వెళ్ళేవాళ్ళు సొంత సామాను రెండు కిలోలకు మించి తీసుకెళ్ళకూడదు. ఉన్ని సాక్సులు, అమ్మ చీర ముక్క, ఎండురొయ్యల పొడి పొట్లం. ఆ పొట్లాన్ని మళ్ళీ బయటికి తీసి, మూతి ఇంకా గట్టిగా మడిచి పెట్టింది.

"ఆకలే ఎయ్యనిదానికి పొడెందుకక్కా? నువ్వే గదా నా నోరు కట్టేసింది," అంది నిరుపమ.

"కట్టింది ఆకలిని. నీ నోరు కట్టే మందు ఇంకా కనిపెట్టలా."

నిరుపమ నవ్వింది. "రెండేళ్ళే గదక్కా. వొచ్చినాక ఇది తీసేసెయ్. పీకల్దాకా తింటా."

ఖాళీ కడుపు ఘ్రెలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది మెదడును చేరి వెతుక్కోమంటుంది. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ ఇక చాలంటుంది. సూళ్ళూరుపేట ప్రయోగశాలలో వకుళ తయారుచేసిన బియ్యపుగింజంత పరికరం ఘ్రెలిన్‌ను అణచి ఉంచుతుంది. దానికి ఆమె ఆకలి కళ్ళెం అని పేరు పెట్టింది. తిండి కరువైన అంగారక కేంద్రంలో మనుషులు వేళకు ఒక పోషక ముద్ద తిని నిమ్మళంగా పనిచేసుకుంటారు. ముందు ఎలుకలకు అమర్చి చూశారు. అరుగుదల, బరువు, నిద్ర, అన్నీ సరిగ్గా ఉన్నాయి. సాయంత్రం ప్రయోగశాల వెనక కంచె కట్టిన దొడ్డిలో తిరగడానికి వదిలితే మాత్రం కళ్ళెం ఉన్నవి ఎక్కడివక్కడే పడుకునేవి. పాపం, అలిసిపోయాయనుకుని వకుళ వాటిని రోజూ దోసిట్లో ఎత్తి గూళ్ళలో పెట్టేది.

రెండో ఏడు చివర నిరుపమ నుంచి సందేశం వచ్చింది.

"బాగుండానక్కా. తిరుగు ఓడలో నా సీటు ఈడ నాతో పనిచేసే సైమన్‌కి ఇచ్చేశా. అతని కళ్ళెం చెడిపోయింది. ఇల్లు, ఇల్లు అని ఒకటే గోల. నాకట్టా ఏం లేదు."

ఆ చివరి మాట వకుళకు గుచ్చుకుంది. ఆ సాయంత్రం గూళ్ళలో తిండి పెట్టకుండా ఎలుకలను దొడ్డిలోకి వదిలి, ఈసారి ఎత్తకుండా కూర్చుంది. కళ్ళెం లేనివి చీకటి పడేసరికి, తిండి లేకపోయినా, తోడున్న గూళ్ళకు చేరి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. కళ్ళెం ఉన్నవి కదల్లేదు. వాటిలో ఒకదాని తోబుట్టువు గూటి ముందుకొచ్చి దానికోసం చూసింది. కళ్ళెం ఉన్నది తలెత్తి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కళ్ళెం ఆకలితో పాటు తోడు మీది బెంగనూ అణచేసింది. ఇన్నాళ్ళూ అవి తిరిగి రావడంలేదని వకుళకు తెలియకపోవడానికి కారణం ఆమె చేతులే.

"నిరూ, అది తీయించుకోవే. తీయించుకుంటే నీకే తెలస్తది. సైమన్ని ఇంకో ఓడకి ఆగమను," అని సందేశం పంపింది. మాట అక్కడికి చేరి జవాబు రావడానికి అరగంట పైనే పట్టింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"ఎందుకక్కా తీయించుకోడం?" నిరుపమ గొంతు ప్రశాంతంగా ఉంది. "నువ్వు గుర్తుండావు. అమ్మ గుర్తుంది. బాధేం లేదు గదా. నువ్వు చేసిందే గదా, శానా బాగా పనిచేస్తుండాది."

ఓడ వచ్చాక సైమన్ పొడి పొట్లం తెచ్చి ఇచ్చాడు. వకుళ మడిచిన మడత అలాగే ఉంది. అతను ఆమె వంటింట్లో నిలబడే అన్నం కలుపుకుని, కళ్ళనీళ్ళతో తిన్నాడు.

ఆ ఓడ 2097 జూన్ పదకొండున దిగింది. నిరుపమ అందులో రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఓడల్లోనూ రాలేదు.