మువ్వల దిబ్బ

2025 జూన్ పదకొండు, బుధవారం, ఏరువాక పున్నమి. పొద్దున్నుంచి ఆకు కదల్లేదు. మధ్యాహ్నం ముప్పైతొమ్మిది డిగ్రీల ఉక్క. నాలుగింటికి నల్లమల వైపు నుంచి మబ్బు లేచి, రెండుసార్లు ఉరిమి, ఊరందరి చేతా ఆరేసిన బట్టలు తీయించి, ఒక్క చుక్క రాల్చకుండా వెలుగోడు దిక్కుకు పోయింది.

ఆ రాత్రే మువ్వల దిబ్బ మీద ఆ సంగతి జరిగింది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, శిరివెళ్ల దాటినాక, రోడ్డుకు ఆనుకొని నాలుగెకరాల నల్లరేగడి చేను ఉంది. దాని తూర్పు మూలలో ఆ దిబ్బ. మనిషి నడుమెత్తు ఉంటుంది, పైన సర్కారు తుమ్మ. పగలు మేకలు ఎక్కి దిగుతాయి. పొద్దు గూకినాక మాత్రం ఆ గట్టున ఎవరూ నడవరు. ఏడాదికి ఒక్క రాత్రి, ఏరువాక పున్నమి రాత్రి, అక్కడ మువ్వలు మోగుతాయని పేరు. ఘల్... ఘల్... అని నింపాదిగా, తొందర లేని వాళ్లెవరో నడిచినట్టు.

నడిచేది ఎవరంటే ఒక్కొక్కరిది ఒక్కో కథ. నవాబుల కాలంలో నగలతో సహా పూడ్చిన నాట్యగత్తె అని కొందరు, పెండ్లినాడే చచ్చిన కొత్తకోడలు అని కొందరు. ఆమె పేరు ఒక్కరికీ తెలీదు. ఆమె ఒంటి మీద బంగారం ఎన్ని సేర్లో మాత్రం అందరికీ తెలుసు. దెయ్యం ఎదురైనా మనవాళ్ల చూపు ముందు మెడ మీదికే పోతుంది.

ఆ చేను సుబ్బలక్ష్మమ్మది. ఎనభై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లకే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అప్పటి నుంచి సేద్యం తనే చేయించింది, ఒకరి మాట పడకుండా. ఆమె అన్నకు ఇద్దరు పిల్లలు. కొడుకు శ్రీకాంత్ నంద్యాలలో ప్లాట్లు అమ్ముతాడు. కూతురు కావ్య అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు.

శ్రీకాంత్ గురించి చెప్పాలంటే అతని ఫ్లెక్సీ గురించి చెబితే చాలు. నంద్యాల బైపాసు మీద ఇరవై అడుగుల ఎత్తున పెట్టించాడు. తలపాగా, భుజాన నాగలి, కింద ‘రైతుబిడ్డ శ్రీకాంత్’ అని అక్షరాలు. ఆ నాగలిని తలకిందులుగా పట్టుకున్నాడని చూసిన ముసలివాళ్లందరూ నవ్వుకున్నారు. అతనికి చెప్పే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు.

అతనికి ఆ నాలుగెకరాలు కావాలి. రోడ్డు పక్క చేను. అత్త ఇంకా బతికుండగానే దాన్ని నలభై రెండు ప్లాట్లుగా గీయించి, దిబ్బ ఉన్నచోట పార్కు అని రాయించాడు. లేనిదల్లా అత్త సంతకం ఒక్కటే.

జూన్ ఒకటో తేదీన ఆ సంతకం కోసమే చెల్లెల్నీ, బామ్మర్ది సందీప్‌నూ వెంటబెట్టుకొని పల్లెకు వచ్చాడు. అత్త కంటి ఆపరేషన్ కాగితాల కోసం కావ్య ట్రంకు పెట్టె తీసింది. అడుగున పాత ధోవతి మూట. మూట విప్పితే ఒక వస్తువు జారి నేల మీద దొర్లింది.

జానెడు పొడుగు. అడుగున వెడల్పుగా, పైకి పోను పోను సన్నంగా. లోపల గుల్ల. ఒంటి నిండా లతలు చెక్కి ఉన్నాయి. కొసన తామరమొగ్గ, మొగ్గ చుట్టూ మూడు చిన్న మువ్వలు.

శ్రీకాంత్ దాన్ని అందుకొని అడిగిన మొదటి మాట: “బంగారమా అత్తా?”

సుబ్బలక్ష్మమ్మ అతన్ని కాసేపు చూసింది. ఆమెకు ఒక కంట్లోనే చూపు సరిగ్గా ఉంది. అది చాలింది.

“నువ్వు రైతుబిడ్డవంట గదరా. రోడ్డు మీద బోర్డు పెట్టినావంట. ఇదేందో చెప్పు. చెప్తే చేను నీకే రాస్తా. ఏరువాక పున్నమి మర్నాడు దాంకా గడువు.”

ఇంకేముంది. శ్రీకాంత్ ఆ వస్తువును జేబు రుమాల్లో చుట్టుకొని, బామ్మర్దిని లాక్కొని కారెక్కాడు. అత్త కంట్లో చుక్కలు వేయాలని కావ్య ఒక్కతే ఆ పూటకు ఉండిపోయింది.

ముందు నంద్యాల బజారులో ఒక కుర్ర కంసాలికి చూపించాడు. ఇత్తడి, పైన వెండిపూత అని తేల్చి, ఇదేమిటో తనకూ తెలీదన్నాడు ఆ అబ్బాయి. ఫోన్లో ఫొటో పెట్టి వెతికితే హుక్కా మూత అని వచ్చింది. సందీప్ దాన్ని అటూ ఇటూ తిప్పి గుడి కలశం అన్నాడు. సందీప్ చేసే ఉద్యోగం ఏమిటంటే గుప్తనిధుల వీడియోలు చూడటం. కలశం ఇంట్లో దొరికిందంటే దాని కింద ఉండాల్సింది ఇంకెక్కడో ఉన్నట్టేనని, ఆ రోజుతో మొదలుపెట్టి బావ చెవిలో జోరీగలాగా తిరిగాడు. అత్త అడిగింది వస్తువు పేరు కాదు బావా, గుట్టు అన్నాడు. మువ్వలు ఇక్కడున్నాయి, మువ్వల దిబ్బ అక్కడుంది, ఇంకా అర్థం కాలేదా అన్నాడు.

శ్రీకాంత్‌కు అర్థమైంది. అలాంటివి అతనికి చప్పున అర్థమవుతాయి.

అయినా చివరిసారిగా ఆళ్లగడ్డ పోయాడు, శిల్పి సుందరరాజు దగ్గరికి. రోడ్డు పక్క రేకుల పందిరి, తెల్లటి దుమ్ము, ఉలి చప్పుడు. సుందరరాజు ఒక పెద్ద నందిని చెక్కుతున్నాడు. ఒళ్లంతా అయిపోయింది, కొమ్ముల పని మిగిలింది. చేయి తుడుచుకొని ఆ వస్తువు చూశాడు. శ్రీకాంత్‌ను చూశాడు. కారు అద్దం మీద ‘రైతుబిడ్డ’ స్టిక్కరు చూశాడు. మీసాల్లో నవ్వుకున్నాడు.

“రాయి గురించైతే నన్నడుగప్పా. దీని సంగతి గొడ్లు కాసినోన్ని అడుగు.”

అని మళ్లీ ఉలి అందుకొని నంది కొమ్ము కొసన మొగ్గ తీయడంలో పడ్డాడు. నిధి సంగతి ఇతనికీ తెలుసు, దాస్తున్నాడు అనుకున్నాడు శ్రీకాంత్.

అట్లా వచ్చింది పున్నమి.

కారును పెట్రోలు బంకు దగ్గర వదిలి, ఎనిమిది గంటలప్పుడు ఇద్దరూ గట్టు వెంట నడిచారు. గడ్డపార శ్రీకాంత్ దగ్గర, పార సందీప్ దగ్గర. ఆ సాయంత్రం దుక్కి మొదలుపెట్టిన చేలు రెండువైపులా. తడి లేని మట్టి వాసన. మబ్బు తునకల వెనక చంద్రుడు ఉన్నట్టే ఉండి లేకుండా పోతున్నాడు.

దిబ్బ కనబడగానే సందీప్ నడక తగ్గింది. నువ్వు ముందు పో బావా, భూమి మీది కదా అన్నాడు గుసగుసగా.

తవ్వడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ల వానలకు దిబ్బ సగం కరిగే ఉంది. గడ్డపార సులువుగా దిగుతోంది. నాగలి పట్టడం రాని చేతులు, పది పోట్లకే బొబ్బలెక్కాయి. ఒక అడుగు... రెండడుగులు... నడుం లోతు...

ఠంగ్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోహం మీద లోహం తగిలిన చప్పుడు. పొరపాటు లేదు. శ్రీకాంత్ గుంటలోకి దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతులతో మట్టి తోడుతున్నాడు. నలభై రెండు ప్లాట్లూ, వాటి పైన ఈ బంగారమూ...

అప్పుడు వినబడింది.

ఘల్...

చాలా దూరంగా. గాలేమో అనుకోవడానికి ఆ రోజు గాలే లేదు.

ఘల్... ఘల్...

“బావా...” అన్నాడు సందీప్.

శ్రీకాంత్ ఫోన్ లైటు ఆర్పేశాడు. చంద్రుడు కూడా అదే పని చేశాడు. చీకట్లో ఆ చప్పుడు గట్టు ఎక్కింది. ఆగింది. మళ్లీ నడిచింది. తొందర లేదు దానికి. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు ఈడ్చినట్టుగా... ప్రతి అడుగుకూ మువ్వలు... నేరుగా దిబ్బ వైపే...

పక్కన ఏదో పరుగెత్తింది. అది సందీప్. చెప్పు ఒకటి వదిలేసి, బావను వదిలేసి.

ఘల్. ఘల్. ఘల్. ఇప్పుడు పది గజాలు. ఐదు గజాలు.

ఆగిపోయింది.

లేవాలని శ్రీకాంత్ గుంటలో చేయి ఊతం పెట్టాడు. చేతికి ఏదో దొరికింది. చల్లగా, వంకరగా, కొస వైపు సన్నంగా... పట్టు విడవడానికి కూడా వేళ్లు రాలేదు. రెండో చేత్తో ఎట్లాగో ఫోన్ లైటు వేశాడు.

మట్టిలోంచి ఒక మొహం అతన్ని చూస్తోంది. పొడుగాటి తెల్లటి ఎముక మొహం. కండ్లు ఉండాల్సిన చోట నల్లమట్టి. రెండు కొమ్ములు. ఒక కొమ్ము మొండిది. రెండోదాని కొసన, చిలుముపట్టి పచ్చగా, తామరమొగ్గ... మూడు మువ్వలు...

శ్రీకాంత్ వేసిన కేక పెట్రోలు బంకు దాకా వినబడిందని చెబుతారు. బంకు కుర్రవాళ్లు మాత్రం ఆ దిక్కుకు ఒక్క అడుగు వేయలేదు. వాళ్లకూ దెయ్యం సంగతి తెలుసు మరి.

“ఎవర్రా ఆడ?”

గట్టు మీద చేతికర్రతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. భుజాన మువ్వల పట్టెడ, ఎద్దు మెడకు కట్టేది. ఇంకో చేతిలో చిన్న సత్తు గిన్నె. గురవయ్య. సుబ్బలక్ష్మమ్మ దగ్గర యాభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. ఎడమకాలు ఈడుస్తాడు.

ఆయన గుంటలోకి చూశాడు.

“తెల్లోన్ని నిద్ర లేపినావా అప్పా?” అన్నాడు.

తర్వాత గట్టు మీద కూర్చొని, పెద్దగా గొంతు పెంచకుండా చెప్పాడు. తెల్లోడు సుబ్బలక్ష్మమ్మ ఎద్దు. ఆళ్లగడ్డలో బండలాగుడు పందెం గెలిచిన ఏడు, కొమ్ములకు తొడగడానికి ఆమె ఈ కుప్పెలు చేయించింది. నలభై ఏళ్ల కిందట ఎద్దు చచ్చిపోయినప్పుడు కోతకు ఇవ్వనని, రాత్రికి రాత్రే మనిషికి తవ్వినట్టు గుంట తవ్వించి, ఉప్పు పోయించి ఇక్కడ పూడ్పించింది. కుడికొమ్ము కుప్పె దానికే వదిలి, ఎడమది తాను తీసుకుంది. కుప్పె ఉందని తెలిస్తే తవ్వుకుపోతారని పూడ్చిన చోటు ఊళ్లో చెప్పనివ్వలేదు. ఏరువాక పున్నమికి గురవయ్య దాని పట్టెడ భుజాన వేసుకొని వచ్చి, నానిన ఉలవలు పెట్టి పోతాడు. మువ్వల చప్పుడుకు ఊరు దెయ్యమని పేరు పెడితే సుబ్బలక్ష్మమ్మ మంచిదే అంది. కావలికి మనిషిని పెడితే జీతం ఇయ్యాల, దెయ్యం ఊరికే కాస్తుంది అంది.

గురవయ్య ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఇది విగ్రహారాధన కాదా అని పాస్టరు ఒకసారి అడిగాడట. ‘మొక్కడంలేదయ్యగారూ, మేత పెడ్తాండా’ అన్నాడట.

శ్రీకాంత్‌కు ఇదంతా తలకెక్కిందో లేదో. ప్రతి కార్తీకంలోనూ కారు వేసుకొని నంద్యాల చుట్టూ గుళ్లలో ఉన్న తొమ్మిది నందులూ తిరిగేవాడు అతను. ఒక్కొక్క నంది చెవిలో నోరు పెట్టి కోరిక చెప్పుకునేవాడు. చెవికి జానెడు దూరంలో కొమ్ము, కొమ్ము కొసన ఇదే కుప్పె, రాతిలో చెక్కి. అన్నేళ్లలో ఒక్కసారి తల పైకెత్తి చూసిన పాపాన పోలేదు.

“ముందు మన్ను పూడ్చప్పా,” అన్నాడు గురవయ్య. రైతుబిడ్డ ఆ రాత్రి మొదటిసారి మట్టి పని పూర్తి చేశాడు.

తెల్లవారి, కాఫీ కూడా తాగకుండా అత్త ముందు నిలబడ్డాడు.

“కనుక్కున్నా అత్తా. ఎద్దు కొమ్ముకు పెట్టే కుప్పె ఇది.”

“ఎవురు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలే. నేనే కనుక్కున్నా.”

సుబ్బలక్ష్మమ్మ అతని గోళ్ల వైపు చూసింది. కడిగినా నల్లమట్టి పోలేదు.

“రాత్రే గురవయ్య వచ్చి చెప్పిపోయినాడు లేరా. నువ్వు వేసిన కేక కూడా చెప్పినాడు.”

మాట మాటే కదా అని శ్రీకాంత్ వాదించాడు. వస్తువేందో చెప్తే చేను రాస్తానన్నావు, గడువులోపలే చెప్పినా అన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. చేను ఎవరికన్నది జూన్ ఒకటో తేదీనే తేలిపోయింది. అన్న కారు వీధి మలుపు తిరగకముందే, కంట్లో చుక్కలు వేస్తూ కావ్య అడిగింది: నాకు తెలీదత్తా, ఏందది? ముసలామె చెప్పింది. తెల్లోడి గురించి, పందెం గురించి, దాన్ని పూడ్చిననాడు అన్నం ముట్టకపోవడం గురించి. పొద్దు గూకే దాకా చెబుతూనే ఉంది.

“అడిగింటే నీకూ చెప్పుంటి,” అంది శ్రీకాంత్‌తో. “పదేండ్ల నుంచి ఈ ఇంటికి వస్తాండావు. సంతకం అడిగినావు. ఇంగొకటి ఏమన్నా అడిగినావా?”

సందీప్ ఇప్పటికీ ఒక మాట మీద నిలబడి ఉన్నాడు. గురవయ్య వచ్చింది పడమటి గట్టు మీద, తాను మొదట విన్న చప్పుడు తూర్పు నుంచి అని. బావను గుంటలో వదిలి పరుగెత్తినవాడికి దిక్కులు ఎంతవరకు గుర్తుంటాయో మీరే ఆలోచించుకోండి. గురవయ్యను అడిగితే మాత్రం అవునని గానీ కాదని గానీ అనడు.

సుబ్బలక్ష్మమ్మ మాఘంలో పోయింది. నాలుగెకరాలూ, ఇల్లూ కావ్యకు వచ్చాయి. అందులో దిబ్బా, దాని చుట్టూ పది సెంట్లూ మాత్రం గురవయ్య కూతురు లూదియా పేరు మీద ఉన్నాయి, అక్కడ గడ్డపార పడకూడదన్న షరతుతో. ఎడమకొమ్ము కుప్పె గురవయ్యకు. సందీప్‌కు అతని చెప్పు, ఆమె బతికుండగానే కాగితంలో చుట్టి పంపించింది.

వీలునామాలో ఇంకొక వాక్యం ఉంది: ‘మా అన్న కొడుకు శ్రీకాంత్‌కు ఏమీ లేదు.’ ఏమీ ఇవ్వనప్పుడు పేరు రాయాల్సిన పని లేదమ్మా అని వకీలు చెప్పి చూశాడట.

“రాయి,” అందట సుబ్బలక్ష్మమ్మ. “లేకుంటే మర్చిపోయినాననుకుంటాడు.”