ప్రొద్దుటూరు ఫొటోలు

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. నిన్న బంద్, ఇవాళ ఆదివారం. రెండు రోజులు ఖాళీ దొరికితే మగవాడు ఊరికే కూర్చుంటాడా? కొత్తగూడ ఫ్లాట్‌లో కుమార్ నిన్ననే పాత సర్వర్ డబ్బాను ముందరేసుకున్నాడు. ఆఫీసువాళ్లు పనికిరాదని తీసేస్తే తెచ్చుకున్న చిన్న డబ్బా అది. ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు అందులోనే ఉంటాయి. జాగా చాలడం లేదని రెండు పెద్ద డిస్కులు కొన్నాడు.

మొగుడివీ పెళ్లానివీ రెండు ఫోల్డర్లెందుకని ఫొటోలన్నీ కొత్త డిస్కుల్లో ఒక్కదాంట్లో కలిపేశాడు. ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టనా అని కంప్యూటర్ అడిగితే, పాత కాపీలే కదా అని అన్నిటికీ ఒకేసారి సరే కొట్టాడు. కరెంటు కోతలోపు ముగించాలన్న తొందర ఒకటి. రాత్రికి రాత్రే పాత డిస్కులను పూర్తిగా చెరిపి, మళ్లీ వాడుకోడానికి డబ్బాలోని ఖాళీ అరల్లో బిగించి, పొద్దున్నే టీ అడిగాడు.

భార్గవి టీ ఇచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. వచ్చే వారం వాళ్ల నాన్న పుల్లయ్య సంవత్సరికం. మనవరాలు తేజును ఎత్తుకున్న ఫొటో పెద్దది చేయించాలని ఆమె ఆశ.

"ఏమండీ, తేజు పుట్టినప్పటి ఫొటోలు ఏవీ?"

"అండ్లనే ఉన్నయి. జర కిందికి చూడు."

"చూసినా. అన్నీ మీ ఆఫీసు పిక్నిక్ ఫొటోలే."

కుమార్ వచ్చి చూశాడు. ఇద్దరి కెమెరాలూ ఒకే కంపెనీవి, ఫొటోలకు ఒకటో నంబరు నుంచే పేర్లు పెడతాయి. పేరు కలిసిన చోటల్లా అతనివి మిగిలాయి, ఆమెవి పోయాయి.

"మీ జగిత్యాల ఫొటోలు ఒక్కటీ పోలేదు," అంది భార్గవి. "పోయినవన్నీ ప్రొద్దుటూరివే."

"కావాలని చేసిన్నా?"

"కావాలని చెయ్యలేదు. అసలు వాటిని ఎప్పుడన్నా తెరిచి చూసినారా? చూసుంటే, అవి వేరే ఫొటోలని తెలిసేది."

కుమార్ పాత డిస్కులు తెరిచి చూశాడు, అన్నీ ఖాళీ.

"యశ్వంత్‌ను అడగండి. నా కెమెరాలోవి వాడు తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు, వాని దగ్గర ఉంటాయేమో."

"నువ్వే అడుగు."

"పోగొట్టింది మీరు."

యశ్వంత్ ఆమె తమ్ముడు. రెండేళ్ల కిందట డిసెంబర్‌లో, అత్తవారి ఊరు ప్రొద్దుటూరులో ప్రత్యేక రాష్ట్రం గురించి మాటా మాటా పెరిగి, మామతోనూ యశ్వంత్‌తోనూ గొడవపడి, ఐదు నెలల పిల్ల నిద్ర లేవకముందే కుమార్ ఒక్కడే బస్సెక్కాడు. పుల్లయ్య పోయినప్పుడు వెళ్లి, దహనం కాగానే తిరిగొచ్చాడు. అప్పటికీ యశ్వంత్‌తో మాటల్లేవు. ఇప్పుడు ఫోన్ చేసి, జరిగింది చెప్పాడు.

"నా కంప్యూటర్ ఎప్పుడో చెడిపోయింది బావా," అన్నాడు యశ్వంత్. "అయినా అన్నీ సీడీలో వేసి నీకు కొరియర్ చేసినా గదా, నువ్వు పోయిన వారానికే. నాయన చెప్పి పంపించినాడు. అందలేదా?"

అందింది. ఎత్తిపొడుస్తూ ఏదో రాసుంటారని కవరు విప్పకుండా అటక మీద పడేశాడు, భార్గవికి చెప్పనూ లేదు. ఇప్పుడు తల దించుకుని చెప్పాడు. ఆమె స్టూలు తెచ్చి అటక కింద వేసింది.

సీడీలో ఫొటోలన్నీ ఉన్నాయి. చివర ఒక వీడియో. అతను అలిగి వెళ్లిపోయిన రోజు సాయంత్రం తీసింది. పుల్లయ్య ఒళ్లో తేజు.

"బాపు అను తల్లీ. బా... పు. మీ నాయన వాళ్ల పక్క నాయన్ను అట్లనే పిలుస్తారంట."

"అలిగి పోయినోని కోసం ఇదంతా ఎందుకు నాయనా?" కెమెరా వెనక యశ్వంత్ గొంతు.

"అలిగితే ఏమిరా? రాకపోతాడా మీ బావ? ఆయప్ప వచ్చేలోపల పిల్లకు ఆ మాట రావాల."

కుమార్‌కి స్క్రీన్ కనిపించలేదు. తేజు అతన్ని డాడీ అని పిలుస్తుంది. ఆ మాట నేర్పాలని అతనికే ఎప్పుడూ తోచలేదు. చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడుద్దురు గానీ," అంది భార్గవి, తన కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ. "ముందు దీన్ని రెండు డిస్కుల్లోనూ వెయ్యండి."

వేశాడు. రెండుచోట్లా తెరిచి చూశాడు. తర్వాత మళ్లీ యశ్వంత్‌కి ఫోన్ చేశాడు.

"సంవత్సరికానికి ముగ్గురం వస్తున్నం యశ్వంత్. మామకు చెప్పాల్సింది నీకు చెప్పుకుంట. తప్పు నాదే."